సంపూర్ణమ్మ రెండో రికార్డు

సంపూర్ణమ్మ గొంతు పోతోందని గుణదలలో అందరికంటే ముందు తెలిసినవాడు హార్మోనియం సొలొమోను. తెలిసినా నోరు విప్పలేదు. డెబ్బై రెండు ఫిబ్రవరిలో, మరియమాత తిరునాళ్ళ ఆఖరి రోజు పొద్దుటి పూజకి, ఎప్పుడూ ఐదు శ్రుతిలో పట్టే పాటని చెప్పాపెట్టకుండా నాలుగున్నరలో పట్టాడు. అర మెట్టు కిందికి దిగితే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆమెకి తెలిసింది. పాడుతూనే అతనివైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి సొలొమోను ఆ మధ్యాహ్నం అన్నం తినలేకపోయాడు. పోనీ ఆ దింపడమైనా సరిపోయిందా అంటే అదీ లేదు. చరణంలో పైస్థాయి అందుకునే చోట గొంతు నిలువునా చీలింది. చీలి, అక్కడే ఆగిపోయింది. వేలమంది జనం, కొండ పొడుగునా మైకులు. ఆ చీలిక పైన సిలువ దాకా వినపడింది.

వెనక నిలబడ్డ పడుచుపిల్లలు పాట అందుకున్నారు, పూజ సాగిపోయింది. తరవాత ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. తలలు పక్కకి తిప్పుకుని, చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించారు. గుణదల జనం చెడ్డవాళ్ళేమీ కాదు. కాకపోతే పాడే మనిషికి వయసు రావడమంటే తమకేదో ద్రోహం జరిగినట్టు చూస్తారు. తమ జుట్టు నెరిసినా, తమ పళ్ళు ఊడినా అది దేవుడి చిత్తం. సంపూర్ణమ్మ గొంతు మాత్రం నలభై ఆరులో ఎలా ఉందో అలాగే ఉండాలి.

నలభై ఆరు ఎందుకంటే, ఆమె రికార్డు వచ్చింది ఆ ఏడాదే. ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉపదేశి శౌరయ్య కూతురు ఆమె. ఫాదర్లు నెలకోసారి కూడా రాని ఊళ్ళలో జపాలు చెప్పించి, పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పేవాడు శౌరయ్య. ఆయన తనకొచ్చిన కీర్తనలన్నీ కూతురి గొంతులో పోశాడు. రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరు బాలశౌరికిచ్చి పెళ్ళి చేస్తే గుణదల గేటు పక్క రెండు గదుల ఇంటికి కాపరానికొచ్చింది. తిరునాళ్ళలో ఆమె పాట విన్న మద్రాసు రికార్డు కంపెనీ మనిషి ఒకాయన బాలశౌరిని బతిమాలి ఇద్దరినీ రైలెక్కించి తీసుకెళ్ళాడు. అటు ఒక పాట, ఇటు ఒక పాట. ఒకే ఒక్క నల్ల రికార్డు.

ఆ రికార్డు తిరగని ఊరు కృష్ణాజిల్లాలో లేదు. దివి నుంచి నందిగామ దాకా క్రైస్తవుల ఇంట పెళ్ళి జరిగితే మైకులో మొదటి పాట అదే. హిందువుల పెళ్ళిళ్ళలో కూడా మైకు సెట్టువాడు పొద్దున్నే ఊదొత్తి వెలిగించి, దేవుడి పాటల మధ్యలో దాన్నీ ఒకసారి తిప్పేవాడు. గొంతు అలాంటిది. ఎవరి దేవుడని అడిగే తీరిక ఇచ్చేది కాదు.

పాడలేకపోయిన ఆ రోజు నుంచీ ఆ రికార్డు ఆమెకి సవతిలా తయారైంది. సిస్టర్ల ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది సంపూర్ణమ్మ. మంచం మీది రోగులు కూడా వదిలేవాళ్ళు కాదు. “ఆ పాట పాడింది తమరేనంటగా, ఒక్కసారి పాడండి” అనేవాళ్ళు. జలుబు చేసిందని చెప్పేది. ఐదేళ్ళపాటు ఆమెకి ఆ జలుబు తగ్గలేదు. బాలశౌరి అంతకు ముందే పోయాడు. ఇంట్లో మిగిలింది కొడుకు జాన్‌బాబు. ఆటోనగర్‌లో డీజిలు ఇంజన్ల మెకానిక్కు. వాడొక్కడే పాట ఊసెత్తేవాడు కాదు. సాయంత్రం గ్రీజు చేతులతో వచ్చి, “అమ్మా, కూరేంటి?” అనేవాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి గొంతు అక్కర్లేదు కనుక ఆమె హాయిగా ఉండేది.

డెబ్బై ఏడు నవంబరులో నాగాయలంక అవతల ఒక ఆసామి ట్రాక్టరు పొలంలో ఆగిపోయిందని కబురొస్తే జాన్‌బాబు సామాన్ల సంచీ భుజానేసుకుని బస్సెక్కాడు. రెండు రోజుల్లో వస్తానన్నాడు. మర్నాడు శనివారం. ఆ శనివారం సముద్రం దివిసీమ మీదికి వచ్చింది.

కొడుకుని వెతకడానికి సంపూర్ణమ్మ వెంట వెళ్ళింది సొలొమోనే. నిజానికి అతను లూథరన్ గుడివాడు. కాథలిక్కులకి వాయిస్తాడని వాళ్ళ పాస్టరు మందలించినా వినకుండా ముప్పై ఏళ్ళుగా ఆమె పక్కన హార్మోనియం పెట్టె వేసుకుని కూర్చున్నవాడు. వరసకి ఏమీ కాకపోయినా అక్కా అని పిలిచేవాడు. అవనిగడ్డ దాకా లారీ మీద, అక్కడి నుంచి బురదలో కాళ్ళీడ్చుకుంటూ పదకొండు రోజులు తిరిగారు. బళ్ళో పెట్టిన శిబిరాలు చూశారు. గట్ల మీద వరసగా పడుకోబెట్టిన వాళ్ళ మొహాల మీది గుడ్డలు తీసి చూశారు. ఆ గుడ్డల కింద గుర్తుపట్టే మొహాలు లేవు. ట్రాక్టరు మాత్రం ఒక తుమ్మ తోపులో తిరగబడి దొరికింది. జాన్‌బాబు దొరకలేదు. అతని సామాన్ల సంచీ కూడా దొరకలేదు. పూడ్చడానికి ఏమీ లేకుండా తిరిగొచ్చిన ఆమెతో ఫాదర్‌గారు ఆత్మశాంతి పూజ చేద్దామంటే, “దేన్ని పెట్టి చేస్తారండీ?” అని అడిగింది. 

ఆ తరవాత నాలుగైదు నెలలకి ఒక మధ్యాహ్నం ఆసుపత్రి డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే, ఎవరో మగమనిషి కూనిరాగం తీస్తున్నట్టు వినిపించి ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. తన గొంతే. ఆరేళ్ళు వాడకుండా మూలన పడేసిన గొంతు, ఎక్కడో అడుగుకి దిగిపోయి, బొంగురుగా, బరువుగా, మధ్య మధ్యలో గాలి కలిసి పలుకుతోంది. సాయంత్రం సొలొమోనుని పిలిపించింది. అతను ఐదు మెట్టు నొక్కాడు, కాదంది. నాలుగు, కాదంది. మూడు కూడా కాదంది. రెండు దగ్గర ఆగింది.

“రెండంటే మగాళ్ళ శ్రుతి అక్కా” అన్నాడు సొలొమోను.

“నాకు వచ్చేది అదే. వాయించు.”

ఆ పాట ఆమే కట్టుకుంది. మరియమాతని నిలదీసే పాట. సిలువ దించాక కొడుకుని ఒళ్ళో పడుకోబెట్టుకున్న తల్లి బొమ్మ గుడిలో ఉంది కదా, చిన్నప్పటి నుంచీ ఆ బొమ్మ చూసి ఏడ్చినదే. ఇప్పుడు దాన్ని చూస్తే అసూయ పుట్టింది. పుట్టినదాన్ని దాచుకోకుండా పాటలో పెట్టింది.

నీ ఒడికి వచ్చెను నీ బిడ్డ మేను
నా ఒడికి ఏదమ్మ నా బిడ్డ మేను
మూన్నాళ్ళలో నీకు ముఖమైన దక్కె
ఏళ్ళు గడిచినా నాకు ఏమి దక్కేను

ఎంతో నిదానంగా పాడేది. ఒక్కో మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, తరవాత మాటకి వెళ్ళేది. వయసులో ఉన్నప్పుడు ఆమె పాట వినేవాళ్ళు “ఆహా” అనేవాళ్ళు. ఇప్పుడు విన్న సొలొమోను వాయించడం ఆపి, కండువాతో మొహం తుడుచుకుని, మళ్ళీ వాయించాడు. ముప్పై ఏళ్ళలో అతను ఆమె పాటకి ఏడవడం అదే మొదలు. నిజం చెప్పాలంటే ఆమె పాడడం కూడా అదే మొదలు. అంతకు ముందు పాడింది గొంతు, ఇప్పుడు పాడుతున్నది మనిషి.

ఏలూరు రోడ్డులో మైకు సెట్లు, రికార్డులు అమ్మే కొట్టు వెంకటకృష్ణారావుది. ఘంటసాల అనే ఊరి దగ్గర వ్యవసాయదారుల కుటుంబం వాళ్ళది. ఆయన మాత్రం పొలం అన్నకి వదిలేసి పట్నంలో వ్యాపారం పెట్టాడు. నలభై దాటిన మనిషి, పెద్దలంటే గౌరవం, నోట్లోంచి చెడ్డమాట రాదు. ఆయన సంపూర్ణమ్మ మళ్ళీ పాడుతోందని విని వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

“చిన్నప్పుడు మా ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా మీ పాటేనమ్మా. హిందువులమైనా ఆ పాట నాకు నోటికొచ్చు. వచ్చే తిరునాళ్ళకి మీ చేత కొత్త రికార్డు చేయించాలని ఉందండీ. ఖర్చంతా నాది.”

“ఇప్పుడు నా గొంతు అది కాదు బాబూ” అంది సంపూర్ణమ్మ.

“మీ గొంతుకేమండీ!”

“కాదంటున్నా. విని మాట్లాడండి.” వినిపించింది. ఆయన తల వంచుకుని విన్నాడు. అయిపోయాక కూడా కాసేపు తలెత్తలేదు. పాట అంతగా పట్టుకుందని ఆమె అనుకుంది. అక్కడే పొరపాటుపడింది.

“మీ రికార్డులు దివిసీమ వెళ్తాయా?” అని అడిగింది.

“మైకు ఉన్న ప్రతి ఊరికీ వెళ్తాయమ్మా. అక్కడి మైకు సెట్లన్నీ నా దగ్గర కొన్నవే.”

“అయితే చేస్తా. నాలాంటి తల్లులు అక్కడ ఊరికి వందమంది ఉన్నారు. నేను నడిచి అందరి గుమ్మాల్లోకీ వెళ్ళలేను. ముందు వాళ్ళకి పంపించండి. మిగతావాళ్ళు ఎప్పుడు విన్నా ఫర్లేదు.”

ఉప్పెన వచ్చి ఏడాది నిండిన వారంలోనే రికార్డింగు పెట్టుకున్నారు. కొట్టు వెనక గదిలో గోడలకి పరుపులు కట్టి, ఫాను ఆపేసి, రోడ్డు మీద సందడి తగ్గే మధ్యాహ్నం వేళ తలుపులు మూశారు. టేబులు మీద పెద్ద స్పూలు మిషను. సంపూర్ణమ్మ ఒకే ఒకసారి పాడింది. రెండో చరణంలో ఒకచోట గొంతు కొద్దిగా అడ్డుపడితే చిన్నగా దగ్గింది. సొలొమోను పెట్టె తిత్తి ఒకచోట కిర్రుమంది. వెంకటకృష్ణారావు మిషను ఆపి, గొంతు సవరించుకున్నాడు.

“చాలా బాగుందమ్మా. ఇంకొక్కసారి... కాస్త హుషారుగా, కొంచెం పైన పట్టి...”

“పైన లేదు బాబూ. హుషారూ లేదు. ఉన్నది ఇదే.”

“దగ్గు పడిందండీ మరి.”

“పడనివ్వండి.”

ఆయన సరేనన్నాడు. తిరునాళ్ళ రోజు ఫాదర్‌గారి చేతుల మీదుగా మొదటి రికార్డు మీకే ఇప్పిస్తానని, అప్పటిదాకా ఆగమని చెప్పి, రిక్షా పిలిపించి ఇంటికి పంపాడు. ఆ రెండున్నర నెలలు సంపూర్ణమ్మ ఎన్నడూ లేనంత తేలిగ్గా తిరిగింది. ఎక్కడో కోడూరులోనో, ఏటిమొగలోనో ఒక తల్లి గుమ్మంలో కూర్చుని ఆ పాట విని, ఇది నా మాటే అనుకుంటుందని ఊహించుకునేది. పాటకి ఇంతకు మించి ఏం కావాలి? ఆమె మరియమాతని ఆ ఒక్కటే అడిగింది.

డెబ్బై తొమ్మిది తిరునాళ్ళ ఆఖరి రోజు పొద్దున, కొండ దారి కిటకిటలాడుతోంది. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, గుండు చేయించుకున్న పసిపిల్లలు, జీళ్ళ దుకాణాలు. సంపూర్ణమ్మ తెల్ల చీర కట్టుకుని, జపమాల చేతికి చుట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెదురు గడకి కట్టిన మైకులో ఒక పాట మొదలైంది. ఎవరో పిల్ల పాడుతోంది. పన్నెండో పదమూడో ఏళ్ళుంటాయేమో, సన్నటి గొంతు, చకచకా నడక. హార్మోనియం కూడా గెంతుతూ వెంట పడుతోంది. మెట్ల మీద కుర్రాళ్ళు కొందరు దానికి చప్పట్లు కొడుతూ ఎక్కుతున్నారు. ఒక పిల్ల తల్లి చెయ్యి వదిలించుకుని గిరగిరా తిరిగింది.

మాటలు చెవిన పడ్డాయి. నీ ఒడికి వచ్చెను నీ బిడ్డ మేను. నా పాట ఈ పిల్లకి ఎవరు నేర్పారు అనుకుంది సంపూర్ణమ్మ. పెద్దగా కోపం కూడా రాలేదు, ఆశ్చర్యపోయింది. రెండో చరణం వచ్చింది. అందులో ఆ పిల్ల చిన్నగా దగ్గింది. పిచ్చుక కూసినట్టు, కిచ్ మని. ఆ వెంటనే తిత్తి కిర్రుమంది.

అది తన దగ్గే. సంపూర్ణమ్మ మెట్టు మీద కూర్చుంది.

“అమ్మగారూ, మీ పాటేనండీ!” అంటూ తెలిసినవాళ్ళు చుట్టూ చేరారు. “ముప్పై ఏళ్ళయినా గొంతు చెక్కు చెదరలేదు, దేవుడిచ్చిన వరం!” “పాడలేకపోతున్నారని ఏదేదో అన్నారు, కళ్ళు పోతాయి వాళ్ళకి!” ఆసుపత్రి సిస్టర్ ఒకామె ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇన్నేళ్ళూ వాళ్ళు ఆమెను క్షమించలేదన్నమాట. ఈ రోజే క్షమించారు. అదీ ఆమెది కాని గొంతు విని.

వెంకటకృష్ణారావు దుకాణం కొండ కింద, పందిట్లో ఉంది. రికార్డులు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. అట్ట మీద మరియమాత, మూలన గుండ్రంగా సంపూర్ణమ్మ ఫోటో. నలభై ఆరులో మద్రాసులో తీసింది, రెండు జడలతో. ఆయన ఆమెను చూడగానే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

“ఏం చేశారు నా పాటని?”

ఆయన మొహం వెలిగిపోయింది. దాచాలని కూడా అనుకోలేదు పాపం. “మన మైకు సెట్టువాళ్ళ కిటుకేనమ్మా. టేపుని లాగే చిన్న కడ్డీ ఉంటుంది చూశారూ, దానికి దెబ్బలకి అంటించే ప్లాస్టరు నాలుగు చుట్లు చుడితే టేపు జోరుగా నడుస్తుంది. జోరు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. అలా తిప్పి ఇంకో మిషనులోకి ఎక్కించి, దాన్ని మద్రాసు పంపాను. రెండు శ్రుతి కాస్తా నాలుగయింది. అచ్చం మీ పాత గొంతు! మీకు ఆశ్చర్యంగా ఉండాలని చెప్పలేదు.”

“అది ఏడుపు పాట కృష్ణారావుగారూ.”

“తెలుసమ్మా. కానీ తిరునాళ్ళలో అంత బరువు పాట ఎవరు వింటారండీ? మీ గొంతు అలా అయిపోయిందని జనానికి తెలిస్తే మీకే నామర్దా కదా. మీ పరువు నిలబెట్టాలనే చేశాను. నా బిడ్డల మీద ఒట్టు.”

ఒట్టు నిజమే. ఆయన మోసగాడైతే సంపూర్ణమ్మకి తిట్టడానికి వీలుండేది. ఆమెను అంత ప్రేమించిన మనిషిని ఏమని తిడుతుంది? ఆయన ప్రేమించింది చిన్నప్పుడు పెళ్ళిపందిట్లో విన్న రికార్డుని. దాన్ని బతికించుకోవడం కోసం ఎదురుగా ఉన్న మనిషి నోట్లో గుడ్డలు కుక్కాడు.

“ఆపించండి. అన్నీ వెనక్కి తెప్పించండి.”

“ఎక్కడి నుంచని తెప్పించనమ్మా? దివిసీమకే ముందు పంపమన్నారు కదా. ఇరవై రోజుల కిందటే పంపించాను. ఊరూరా మోగుతోందిట.” ఆ మాట కూడా ఆయన సంతోషంగానే చెప్పాడు.

పందిరి వెనక హార్మోనియం పెట్టె పక్కన సొలొమోను కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవలేదు, తలెత్తలేదు.

“నీకు తెలుసు” అంది సంపూర్ణమ్మ.

“ఏ శ్రుతి దాకా ఎత్తితే సరిపోతుందని నన్నడిగాడక్కా. నాలుగుకి మించితే మరీ చంటిపిల్ల గొంతైపోద్దని చెప్పా.”

“చెప్పావా!”

“ఆ రోజు పూజలో జనం నీ మొహం చూడకుండా తలలు తిప్పుకున్నారే, అది మళ్ళీ చూడలేనక్కా. నా వల్ల కాదు.”

“నువ్వు విన్నావు కదరా ఆ పాట. నాతోపాటు ఆ బురదలో తిరిగావు. ఆ గుడ్డలు నువ్వూ తీసి చూశావు. లోకంలో ఎవరికి తెలియకపోయినా నీకు తెలుసు కదరా ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో.”

 వెంకటకృష్ణారావుకి తెలియక చేశాడని సర్దుకోవచ్చు. తెలిసినవాడు చేస్తే ఏమని సర్దుకోవాలో ఆమెకి అర్థం కాలేదు. కోపం కంటే ముందు ఒంటరితనం వచ్చింది. జాన్‌బాబు పోయిన రోజు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు, ఆ రోజు పక్కన సొలొమోను ఉన్నాడు.

ఇంతలో తిరునాళ్ళ కమిటీ పెద్ద సంజీవరావు మనుషుల్ని పంపాడు. వేదిక మీద సన్మానం, రమ్మని. వెళ్ళకూడదనుకుంది. మళ్ళీ ఏదో తోచి వెళ్ళింది. వేదికకి మైకు ఉంది. దివిసీమ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు ఈ జనంలో వందలమంది ఉంటారు. ఇప్పుడు తన నోటితో తను పాడితే, ఆ పిల్ల గొంతు అబద్ధమని తేలిపోతుంది. శాలువా కప్పించుకుని, సంజీవరావు చేతిలోంచి మైకు తీసుకుంది. “సొలొమోనూ, పెట్టె తీసుకురా” అంది. అతను తెచ్చాడు. రెండు మెట్టు పట్టాడు.

మొదటి పాదం పాడేంతవరకు జనం నిశ్శబ్దంగా ఉన్నారు. రెండో పాదానికి గుసగుసలు లేచాయి. “ఎవరీమె?” “సంపూర్ణమ్మగారిని పాడమనండి బాబూ!” “మగగొంతులా ఉందేంటి?” ఎవరో ఈల వేశారు. ఆమె ఆగలేదు. కళ్ళు మూసుకుని మూడో పాదంలోకి వెళ్ళింది. ముఖమైన దక్కె అనే చోట ఎప్పటిలా ఊపిరికోసం ఆగింది. ఆ ఆగడాన్ని ఆసరా చేసుకుని సంజీవరావు మృదువుగా, ఎంతో మర్యాదగా మైకు తీసేసుకున్నాడు.

“అమ్మగారికి ఒంట్లో నలతగా ఉంది. అయినా మన మీద అభిమానం కొద్దీ వచ్చారు. వారి మధురగానం ఇప్పుడు రికార్డు ద్వారా విందాం” అన్నాడు.

రికార్డు పెట్టారు. జనం హమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టారు. ఆమె ఇంకా పాడుతూనే ఉంది, మైకు లేకుండా, రెండు శ్రుతిలో. పైనుంచి నాలుగు శ్రుతిలో ఆమె గొంతే ఆమె గొంతు మీద పడి తొక్కుకుంటూ పోయింది. ఒక పాదం అలా పాడి మానేసింది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, వెనక మెట్ల మీదుగా దిగిపోయింది.

కొండ కింద మంచినీళ్ళ పంపు దగ్గర నీడ ఉంటే కూర్చుంది. పక్కనే ఒకామె అన్నం మూట విప్పుకుంటోంది. బస్సు దిగి అప్పుడే గుండు చేయించుకుని వచ్చినట్టుంది, తల మీద కొంగు కప్పుకుంది. సంపూర్ణమ్మ మొహం చూసి, అడక్కుండానే లేచి చెంబుతో నీళ్ళు పట్టి ఇచ్చింది. పేరు శౌరమ్మ అని, ఊరు నాగాయలంక దిగువన అని చెప్పింది. ఆ ఊరి పేరు వినగానే సంపూర్ణమ్మ చెంబు కింద పెట్టింది.

“ఉప్పెనలో...?” అంది.

“ఇద్దరు మగపిల్లలు. ఒకడు దొరికాడు, ఒకడు దొరకలా.” ఆమె అన్నం ముద్ద కలుపుతూ మామూలుగా చెప్పింది. ఈ ఏడాది పైనలో ఎంతమందికి చెప్పి ఉంటుందో. పై నుంచి మైకులో పాట ఇంకా వస్తోంది. శౌరమ్మ అటు మొహం తిప్పి, చిరాగ్గా మూతి విరిచింది.

“ఇక్కడ కూడా ఇదేనా! ఇరవై రోజుల్నుంచీ మా ఊళ్ళో పొద్దస్తమానం ఇదేనమ్మా. పిల్లకాయలు దీనికి గంతులేస్తన్నారు.”

“మాటలు విన్నావా తల్లీ?”

“విన్నా. ఎందుకినలా? మాటలు మంచియ్యే. అందుకే ఒళ్ళు మండుద్ది నాకు. ఆ మాటలు ఎవరైనా అంత కులాసాగా పాడతారా? ఆయమ్మ కొడుకు కూడా మా వైపుకొచ్చి ఉప్పెనలో పోయాడని మైకువోడు చెప్పాడు. నేను నమ్మను. పోయుండడు. పాట అమ్ముకోటానికి చెప్పుకునే మాట అది. కొడుకు పోయినామె అట్టా పాడుద్దా, నువ్వే చెప్పు?”

సంపూర్ణమ్మ నోరు తెరిచింది. అది నేనే అని చెప్పాలి. చెబితే టేపు గురించి చెప్పాలి, కడ్డీ గురించి, ప్లాస్టరు చుట్ల గురించి చెప్పాలి. పోనీ ఇప్పుడే, ఇక్కడే, ఈ ఒక్కామెకి పాడి వినిపించాలి. పల్లవి అందుకోబోయింది. సరిగ్గా నెత్తి మీదే ఉంది మైకు. అందులోంచి ఆ పిల్ల కిచ్ మని దగ్గింది. శౌరమ్మ జవాబు కోసం ఇంకా ఆమె వైపే చూస్తోంది. ఆ కళ్ళలో ఉన్నది చూశాక సంపూర్ణమ్మకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, నిజం చెప్పే దారీ కనబడలేదు.

“పాడదు తల్లీ” అంది. “కొడుకు పోయినామె అలా పాడదు.”

“అదీ” అంది శౌరమ్మ, తృప్తిగా. మిగిలిన అన్నంలో సగం ఆకులో పెట్టి ఆమె ముందుకి జరిపింది. “తిను. నీ గొంతు కూడా ఎండిపోయినట్టుంది.”

పైన పాట అయిపోయింది. ఎవరో ఇంకోసారి వెయ్యమన్నారు. వేశారు.